రాతి దుమ్ముకు బెల్లం ముక్క

పొద్దున్నే నా ఫోన్ నాకు బతకడం నేర్పుతుంది. మా మాచర్లలో గ్రౌండు చుట్టూ నడిచే పెద్దమనుషులు పెట్టుకున్న గ్రూపు ఒకటుంది. నేను నడవను గానీ, ఏది పంపినా చదువుతానని నన్నూ అందులో కలిపారు. లేవగానే గోరువెచ్చని నీళ్లు తాగండి. అద్దంలో చూసుకుని నవ్వండి. భయం వదిలి ధైర్యంగా బతకండి. గుండెల నిండా గాలి పీల్చండి. కింద ఒక పువ్వు బొమ్మ, ఒక దణ్ణం బొమ్మ.

ఆ చివరి మాట చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. గుండెల నిండా గాలి పీల్చడం ఒక చిట్కానా? ఊపిరి ఉన్నవాడు ఎవరూ చెప్పకుండానే పీలుస్తాడు. లేనివాడికి చెప్పి ఏం లాభం? మా బావమరిదికి అది లేదు. ఎట్లా పోయిందో నాకు తెలుసు. పోయే రోజుల్లో నేను పక్క మిషను మీదే ఉన్నాను.

నా భార్య తమ్ముడు, నేను, నాపరాళ్ల యూనిట్‌లో కలిసి పనిచేశాం. క్వారీ నుంచి వచ్చిన పలకలను కొలతకు కోసి, అంచులు నునుపు చేసి, లారీకెక్కించడం మా పని. నేను బడికి పోలేదు. లారీల వెనక రాతలు, గోడల మీద ఎన్నికల రాతలు, సిమెంటు బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తర్వాత చేతికి దొరికిందల్లా చదివాను. ఆరోగ్యం పుస్తకాలైతే మరీ. ఉపవాసం ఎట్లా చెయ్యాలి, ఏ పక్కకు తిరిగి పడుకోవాలి, మజ్జిగ ఎప్పుడు తాగాలి, అన్నీ ఉన్నాయి వాటిలో. రాయి కోసేవాడు ఏం చెయ్యాలో ఒక్క పుస్తకంలోనూ లేదు. ఆ రాసినవాళ్లకు మేం కనపడలేదు. ఇళ్లల్లో కింద మేం కోసిన బండలే పరుచుకుని, వాటి మీద కూర్చుని రాసి ఉంటారు.

కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడుతుండాలి. పడితే దుమ్ము లేవదు. మిషను బిగించడానికి వచ్చినవాడు ఈ సంగతి చెప్పే పోయాడు. కానీ ఎండాకాలంలో మా వైపు నీళ్ల సంగతి అతనికేం తెలుసు? వీధిలో ట్యాంకరు రాగానే ఆడవాళ్లు బిందెలతో ఒకరినొకరు తోసుకునే రోజులవి. తాగడానికే కరువైన నీళ్లను రాయి మీద పారబోయడం మాకు పాపంగా తోచేది. మా అంతట మేమే పైపు కట్టేసేవాళ్లం. మిషను కోసం తెచ్చిన నీళ్లను క్యానుల్లో పట్టుకుని ఇళ్లకు తీసుకుపోయేవాళ్లం. ఆ నీళ్లతోనే మా ఆవిడ అన్నం వండింది, పిల్లలకు తలంటింది. ఎవరికీ తెలియకుండా చేసిన పని కాదది. యూనిట్‌లో అందరం, ఇంటికి మంచి చేస్తున్నామనే గర్వంతోనే చేశాం.

పైపు కట్టేశాక కోస్తే తెల్లగా పొగలా లేచేది. పక్కవాడి మొహం కనపడేది కాదు. సాయంత్రం పని దిగగానే మేస్త్రీ తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని మా అందరి నమ్మకం. అది నోట్లో వేసుకుంటే ఆ పూట పని ఒంట్లోంచి కడుక్కుపోయినట్టే ఉండేది. గొంతులోది దిగుతుందేమో. ఊపిరితిత్తుల్లోది దిగి ఎక్కడికి పోతుంది? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బెల్లం అంత తియ్యగా ఉండేది.

కొత్తగా చేరినవాడెవడైనా ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే యూనిట్ మొత్తం వాడి మీద పడేది. "ఏందిరా, కొత్త పెళ్లికూతురివా, ముసుగేశావు?" అని. మా బావమరిది ఎన్నడూ కట్టలేదు. బనీను కూడా లేకుండా, మిషను మోతను దాటి వినపడేటట్టు ఈల వేసేవాడు. గేటు బయట లారీ డ్రైవరు ఆ ఈల విని బండి వెనక్కు తెచ్చేవాడు. ధైర్యమంటే అదేనని మేమంతా అనుకున్నాం. తర్వాత కరోనా వచ్చినప్పుడు ఊరు ఊరంతా ముక్కుకు గుడ్డ కట్టింది. కంటికి కనపడని పురుగుకు కట్టుకున్న ఆ గుడ్డను, కళ్ల ముందు తెల్లగా లేచే దుమ్ముకు మాత్రం ఎవరూ కట్టుకోలేదు. జబ్బు తగ్గిందనగానే మిషన్ల దగ్గర మళ్లీ బోడి మొహాలే.

పోయినేడు ఆయాసం ముదిరితే మా బావమరిదిని నరసరావుపేట తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, ఊపిరితిత్తుల్లో గట్టిపడింది మళ్లీ మెత్తబడదని చెప్పాడు. ఉన్నదాన్నే కాపాడుకోవాలట. ఇన్‌హేలర్ ఇచ్చాడు. మెల్లగా రోజూ నడవమన్నాడు. మనుషుల్లో తిరగమన్నాడు. ఇంట్లోనే కూర్చుంటే మిగిలిన ఊపిరి కూడా పోతుందని, మెత్తగా కాదు, కొట్టినట్టే చెప్పాడు.

ఇతను చేసింది సరిగ్గా దానికి తిరగేసి. యూనిట్ ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర ఒకసారి ఆయాసం వచ్చి, బల్ల పట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. పాత జతగాళ్లంతా చూశారు. ఇన్‌హేలర్ జేబులోనే ఉంది, తియ్యలేదు. ఆ రోజు నుంచి గడప దాటలేదు. ఇన్‌హేలర్ దిండు కింద చేరింది. మంచం మీద నుంచి పెరట్లోకి పోవడానికే ఆగి ఆగి పోయే స్థితికి వచ్చాడు. డాక్టరు మాట నిజమవుతోందని నాకు కళ్లకు కనపడుతోంది.

మొన్న వేసవిలో ఒక పొద్దున వాళ్లింటికి వెళ్లాను. మా ఆవిడ అప్పటికే తమ్ముడికి ఉప్మా తీసుకొచ్చి పక్కన కూర్చుని ఉంది.

"ఏందిరా, ఇంకా మంచం దిగలేదా?" అన్నాను.

"దిగి యాడికి పోవాలి బావా? నీ ఫోన్ ఏం చెప్తంది ఇయ్యాల?"

"గుండెల నిండా గాలి పీల్చాలంట."

"వాడి దగ్గర చానా ఉన్నట్టుంది. కాస్త పార్సిల్ కట్టి పంపమను."

నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమయింది. అది తగ్గేదాకా మా ఆవిడ వీపు రాస్తూ కూర్చుంది. తగ్గాక నేను రెండోది చదివాను. రోజుకు ఒక్కటైనా మీరు భయపడే పని చెయ్యండి.

"నాకేంది భయం?" అన్నాడు. "లోడు బండి కింద దూరి జాకీ ఎక్కించినోణ్ణి."

"అయితే ఆ దిండు కింద బుడ్డి తీసుకుని సాయంత్రం టీ కొట్టుకు రా. అందరి ముందు పీల్చు."

మా ఆవిడ నా మీదికి లేచింది. "నీకేమన్నా మతి పోయిందా? వాడు ఈ గడప దాటలేకుండా ఉంటే..."

"అక్కా, ఆయన్ని అనమాక," అన్నాడు. "చదివి చదివి అట్టా అయ్యాడు." దిండు కింద చెయ్యి పెట్టి బుడ్డి తడిమాడు. "వస్తా. కానీ బావా, నా చెయ్యి పట్టుకోమాక. పట్టుకున్నావంటే ఆణ్నించే ఎనక్కి తిరుగుతా."

సాయంత్రం ఎండ వాలాక బయల్దేరాం. రెండు వీధుల దూరం. కరెంటు స్తంభం దగ్గర ఆగాడు, మెకానిక్ షాపు దగ్గర ఆగాడు. ఆగిన ప్రతిచోటా అక్కడేదో పని ఉన్నట్టు నటించాడు. మెకానిక్ సాయిబును "ఏం భాయ్, బండ్లు బాగానే వస్తన్నయ్యా?" అని అడిగి, ఆయన జవాబు చెప్పేలోపు ఊపిరి కూడదీసుకున్నాడు. నేను చేతులు వెనక కట్టుకుని నడిచాను.

టీ కొట్టుకు చేరేసరికి యూనిట్ వాళ్లు పని దిగుతున్నారు. కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి. ఇతను బల్ల మీద కూర్చోగానే ఆయాసం అందుకుంది. గొంతు కింద గుంటలు పడుతున్నాయి. అందరూ ఇటే చూస్తున్నారు. నేను కావాలని టీ గ్లాసులోకి చూశాను. కాసేపటికి ఇన్‌హేలర్ మూత తీసిన చప్పుడు వినపడింది. నోట్లో పెట్టుకుని నొక్కి, కళ్లు మూసుకుని, డాక్టరు చెప్పినట్టే ఊపిరి బిగబట్టాడు. కొట్టు మొత్తం కూడా ఊపిరి బిగబట్టినట్టే ఉంది.

"ఏంది బాబాయ్ అది, సెంటు బుడ్డా?" అన్నాడు వాళ్లలో ఒకడు. ఇద్దరు పిల్లల తండ్రి, మిషను మీద మంచి చెయ్యి అని పేరు.

ఇతను రెండోసారి కూడా పీల్చి, మెల్లగా మూత పెట్టాడు. "సెంటే రా. లోపలికి కొట్టుకునేది."

అందరూ నవ్వారు. నా భుజాల మీద బరువు దిగినట్టయింది. అంతా అయిపోయింది, గెలిచాం అనుకున్నాను.

ఆ మిషను మనిషి దగ్గరికి వచ్చి, లుంగీ మడతలోంచి కాగితం పొట్లం తీశాడు. "ఇన్ని మందులెందుకు బాబాయ్? బెల్లం తిను. దుమ్మంతా దిగుద్ది." ఇతని అరచేతిలో ఒక ముక్క పెట్టి, తనొకటి నోట్లో వేసుకున్నాడు.

బావమరిది ఆ ముక్క వంక చూశాడు. తర్వాత ఆ మనిషి మొహంలోకి చూశాడు. "పైపు కట్టేశారా?"

"ఎండాకాలం గదా బాబాయ్. ఇంటికాడ నీళ్లు కావాలి గదా."

నేను ఊరుకోలేకపోయాను. డాక్టరు చెప్పింది, ఎక్స్‌రేలో కనపడింది, అంతా కోపంగా చెప్పుకుపోయాను. వాళ్లు నా వయసుకు మర్యాద ఇచ్చి విన్నారు. మా కాలంలో ఎవరైనా ఇట్లా చెప్పి ఉంటే, మేమూ ఇంత మర్యాదగానే విని ఊరుకునేవాళ్లమేమో. ఆ సంగతి మాట్లాడుతుండగానే తోచింది. మాట మధ్యలోనే ఆగిపోయాను.

బావమరిది లేచి నిలబడ్డాడు. ఆ మనిషి భుజం మీది తువ్వాలు తీసి, ముక్కు చుట్టూ తిప్పి, తల వెనక ముడి వేశాడు.

"ఇట్టా కట్టు."

"ఏంది బాబాయ్, సిగ్గు. నలుగురూ నవ్వుతారు."

"ఇందాక నేను బుడ్డి తీశా గదరా. నాకన్నా నీకు సిగ్గా?"

అతను ముడి ఊడదీయకుండా అట్లాగే నిలబడ్డాడు. మేం బయల్దేరాం. మలుపు దగ్గర ఇతను ఆగాడు. ఈసారి ఊపిరి కోసం కాదు. వెనక్కి తిరిగి చూశాడు. నేనూ చూశాను. టీ కొట్టు ముందు ఆ మనిషి టీ తాగుతూ ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. తువ్వాలు మళ్లీ భుజం మీదికి చేరింది.

"తీసేశాడు బావా."

"టీ తాగడానికి తీసి ఉంటాడులే," అన్నాను.

నా అబద్ధానికి నవ్వాడు. పెదవులు సున్నాలా చుట్టి ఈల వెయ్యబోయాడు, వాణ్ణి పిలుద్దామని. గాలి మాత్రమే వచ్చింది, అదీ కాస్త. మెకానిక్ షాపు దాకా నడిచాం. బెల్లం ముక్క ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది, చెమటకు కరిగి వేళ్ల సందుల్లోంచి కారుతోంది. అక్కడి వీధి కొళాయి దగ్గర చెయ్యి కడుక్కోబోయి, తిప్పి చూసి, నీళ్లు రాకపోయేసరికి లుంగీకి తుడుచుకున్నాడు.

"రేపు మళ్లీ పోదాం బావా," అన్నాడు. "బుడ్డి మర్చిపోతానేమో. నువ్వు గుర్తుచెయ్యి."

ఈసారి చెయ్యి పట్టుకున్నాను. అతను విడిపించుకోలేదు.