కాలవ కట్ట కింద మడుగు

నేను ఒకటి ఉంటే పది చెబుతాను. ముందే ఒప్పుకుంటున్నాను. తీసివేతలు వచ్చినవాళ్లు తొమ్మిది తీసేసి చదువుకోండి.

మా పల్నాడుకు కాలవ నీళ్లు కొత్తగా వచ్చిన రోజులు. బొల్లాపల్లి దాపున ఒక పిల్లకాలవకు నేను లస్కరును. అంటే, కట్టమీద తిరుగుతూ గండ్లు పడకుండా చూసే మనిషిని. నా గుడిసె నుంచి ఊరు రెండు మైళ్లంటారు; నా కాళ్ల లెక్కన ఇరవై. మాట్లాడే దిక్కులేక చొక్కాను మేకుకు తగిలించి దానితో పోట్లాడేవాణ్ణి. ఎప్పుడూ అదే గెలిచేది.

ఒకనాడు ఎండ్రకాయ తొలిచిన బొక్కలోంచి కట్ట కింద నీరు ఊరింది. నాలుగు తట్టల రేగడిమట్టి కొడితే పోయేదే. నేను తట్ట తెచ్చేలోగా మేకలవాళ్లు వచ్చారు. మెట్టపొలాల మనుషులు, కట్ట ఊరడం ఎప్పుడు చూశారు గనక! పాతాళగంగ పైకొచ్చిందని పసుపు చల్లి కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరిముక్క నమిలినవాణ్ణి, గంగమ్మ నోట్లో మట్టి ఎలా కొడతాను? పైవాళ్లకు చెప్పనూ లేదు.

రెండు నెలల్లో పల్లమంతా మడుగైంది. తుంగ ఏనుగెత్తు పెరిగింది. కోస్తావాళ్లకు ఏటి నడుమ లంకలుంటే ఉండనీ, నా మడుగు మధ్యా ఒక రాళ్లదిబ్బ ఉండేది. దానిమీద లక్ష కొంగలు. కప్పల అరుపుకు నా గుడిసె కప్పు లేచిపోయేది. వీటన్నిటిలో నాకు తోడు మాత్రం నుదుట తెల్లనామం పెట్టుకున్న నల్లటి నీటిపిట్ట, నామాలకోడి. దిబ్బపక్క తుంగలో గూడు కట్టి అయిదు గుడ్లు పెట్టింది. పొద్దున్నే కట్టమీద కూర్చుని దానికి నా కష్టసుఖాలు చెప్పుకునేవాణ్ణి. పొదిగే పిట్ట గదా, లేచిపోలేక వినేది.

అంతలో కాలవ చివరి పొలాల నుంచి ఒక అవ్వ కర్రపోటు వేసుకుంటూ వచ్చింది.

"ఏందబ్బాయా, నా మిరపతోట మాడిపోతా ఉంటే ఇక్కడ కొంగల్ని మేపుకుంటన్నావా?"

"పైనుంచి నీళ్లే రాలేదవ్వా."

"రాకపోతే ఈ తుంగ నీ కన్నీళ్లకి మొలిచిందంట్రా?"

"గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగు. పది రోజులు."

అవ్వ తుంగలో గూటివంక చూసింది. "నా మిరప గూడా పొదుగు మీదే ఉంది, నాయనా" అంది.

ఆ పూటే మట్టి కొట్టి, బస్తాలు వేసి బొక్క మూసేశాను. అవ్వ తోటకు నీళ్లు పారాయి. నాలుగోనాటికి మడుగు నెర్రెలిచ్చింది. నామాలకోడి అయిదు పిల్లలను వెంటేసుకుని, కట్ట ఎక్కి, నా గుడిసె ముందునుంచే నడిచి కాలవలో దిగింది.

ఈ నడక ఒక్కటీ నేను కల్పించింది. కొంగలు లక్ష కాకపోయినా ముప్పై ఉండేవి. తుంగ నా భుజాల దాకా నిజంగానే ఉండేది. నామాలకోడి మాత్రం మూడోనాడే లేచిపోయింది. మడుగు ఎండాక దిబ్బదాకా నడిచివెళ్లి చూశాను. గుడ్లు అయిదూ ఉన్నాయి. చల్లగా ఉన్నాయి.