రూతమ్మ వదిన వ్యాఖ్య కోసం దేవరాపల్లి దాకా

సబ్బవరం నుంచి వ్యాఖ్యలు రాసే ఇంజనీరుగారికి ముందుగా ఒక దిద్దుబాటు. బ్లాగు ఏ సైటులో పెట్టుకోవాలన్నది కుర్చీలోంచి లేవకుండా అరగంటలో తేలిపోయే పని అని కిందటి టపా కింద రాసేరు. తేలదండి. నాకు రెండు బస్సులు, ఒక ఆటో, ఒక పూట భోజనం, దానికి ముందు ఒక విడత తిట్లు పట్టేయి. చివరికి తేలింది కూడా దేవరాపల్లిలో ఒక జిరాక్సు కొట్టులో. ఎలాగో చెప్తాను. అటువైపు బెల్లం వంట చూడ్డానికి వెళ్దామనుకునేవాళ్లకి పనికొచ్చే సంగతులు కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి బ్లాగుల గొడవ పట్టనివాళ్లు కూడా చదవొచ్చు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను అనకాపల్లిలో బడి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యేను. ఇంట్లో కూర్చుంటే అందరికీ ఇబ్బందని బస్సెక్కి చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాను, తిరిగింది రాస్తాను. బ్లాగు తెరిచిపెట్టింది విశాఖపట్నంలో చదువుకుంటున్న నా మనవరాలు గ్రేస్. "నీ కబుర్లు మేమే ఎందుకు భరించాలి అమ్మమ్మా, లోకానికి కూడా పంచు" అంది. పంచేను. కంప్యూటర్లో తెలుగు రాదని ఒకరు, వచ్చినా ఎవరు చదువుతారని ఒకరు మా వీధిలోనే అన్నారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఊరెళ్లాలంటే ముందు నా బ్లాగులో బస్సుల సంగతి చూసుకుంటున్నారు. ఈ మాట రాసేటప్పుడు నాకు ఏ మాత్రం వినయం లేదు.

ఇంతలో నా బ్లాగున్న సైటువాళ్లు ఈ నెలాఖరుకి దుకాణం కట్టేస్తున్నాం, మీ సామాను మీరు తీసుకుపొండి అని కబురు పెట్టేరు. గ్రేస్ నాకోసం రెండు కొత్త సైట్లు ఎంచి, రెండింట్లోనూ నా పేరున మచ్చుకి ఒక్కో టపా పెట్టింది. మొదటిది పెళ్లికొడుకులా ఉంది. పేజీ నిండా ఫోటోలు, రంగురంగుల మూసలు, పక్కన తిరిగే గడియారం, అడక్కుండానే పాట. రెండోది తెల్లకాయితం మీద నల్లక్షరం, అంతే. మనిషిని కదా, పెళ్లికొడుకు వైపే మొగ్గేను. నా టపాల్లో సగం అక్కడికి మోసేసేను కూడా.

అక్కడ అడ్డం పడింది మా రూతమ్మ వదిన. వదినంటే మా ఆయనకి అక్క. దేవరాపల్లిలో ఉంటుంది, చెరకు, వరి వేయిస్తుంది. మా ఆయన పోయేక ఆయన గురించి నాతో పోట్లాడగలిగే మనిషి ఆవిడొక్కతే మిగిలింది. నా ప్రతి టపా అక్కడి నెట్ సెంటరుకి వెళ్లి చదువుతుంది, కింద వ్యాఖ్య కొట్టిస్తుంది. ఆ వ్యాఖ్యలు మీరూ చూసేరు. "చాలా బాగుంది. మేడమ్ గారికి నమస్కారములు. ఇట్లు, రూతమ్మ." ఎప్పుడూ అదే. పెళ్లయిన దగ్గర్నుంచీ నన్ను "ఏటే" అని తప్ప పిలవని మనిషి మేడమ్ గారంటోంది. పెద్దతనం కదా, మెత్తబడిందనుకున్నాను. వ్యాఖ్య కింద నేను కూడా "ధన్యవాదాలు వదినా, నమస్కారాలు" అని రాస్తూ వచ్చేను. కానీ ఫోను చేస్తే "ఊఁ" అని పెట్టేస్తోంది. ఈ క్రిస్మస్‌కి అరిసెలు పంపలేదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ అరిసెలు రాని క్రిస్మస్ నాకు లేదు. సైటు మూతపడితే ఆ నమస్కారాలు కూడా పోతాయి, ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఇంకేం మిగులుతుందో నాకు తెలీలేదు. సైటు సంగతీ అరిసెల సంగతీ ఒకే ప్రయాణంలో తేల్చుకుందామని శనివారం పొద్దున్నే బయల్దేరేను.

అనకాపల్లి కాంప్లెక్సుకి ఏడింటికల్లా వెళ్తే చోడవరం బస్సు దొరుకుతుంది, కూర్చోడానికి సీటు కూడా దొరుకుతుంది. ఎనిమిది దాటితే కాలేజీ పిల్లల పుస్తకాల సంచుల మధ్య మీ ముక్కు ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి. ఇంటి దగ్గర్నుంచి కాంప్లెక్సుకి ఆటోలో వెళ్లేను. బెల్లం మార్కెట్టు దగ్గర బళ్లు అడ్డం ఉండి ఆటో ఆగిపోయింది. అక్కడొక కొనుగోలుదారు దిమ్మల వరస ముందు నిలబడి ఉన్నాడు. పసుప్పచ్చగా మెరిసిపోతున్న దిమ్మ మూల ఒకటి గిల్లి నోట్లో వేసుకున్నాడు, మొహం ముడిచి పక్కకెళ్లిపోయేడు. నల్లటి దిమ్మ దగ్గర మళ్లీ గిల్లేడు. ఈసారి ఆగేడు. ఈ ఊళ్లో ఇన్నేళ్లున్నదాన్ని, రంగు చూసి సైటు తీసేసుకుంటున్నానే అని నాకు ఆ ఆటోలోనే తట్టింది.

చోడవరం బస్సులో కండక్టరు నన్ను గుర్తుపట్టేడు.

"మా బస్సు అద్దాలు మూసుకోవని కంప్యూటర్లో రాసేరట కదమ్మా. డిపోలో మా సారు పిలిచి అడిగేడు."

"అయితే ఇప్పుడు మూసుకుంటున్నాయా?"

"నేదండి. కానీ అడిగేడండి."

నా రాత వల్ల ఒక అధికారి ఒక ప్రశ్న అడిగేడు. ఇంతకంటే ఎక్కువ సాధించిన రచయితలు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి. చలిగాలికి చెవులకి తువ్వాలు చుట్టుకుని చోడవరం దాకా గర్వంగా వణికేను.

చోడవరంలో దిగి, టీ తాగి, దేవరాపల్లి బస్సెక్కాలి. బస్సు వెంటనే ఉంటుందని నమ్ముకోకండి, ఓ అరగంట చేతిలో ఉంచుకోండి. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఈ కాలంలో దారిపొడుగునా చెరకు నరకడం కనిపిస్తుంది, పొలాల్లోంచి ఆరుతున్న బెల్లం పొయ్యిల పొగ ఇంకా లేస్తుంటుంది. ఆ వాసనకి పొద్దున్న తిన్నది మర్చిపోయి మళ్లీ ఆకలేస్తుంది. రానూపోనూ బస్సు ఖర్చు యాభై రూపాయలు దాటదు. ఆటోకి ఎంతవుతుందన్నది మీరు ఎంత గట్టిగా మాట్లాడగలరన్న దాన్ని బట్టి ఉంటుంది.

వదిన వీధరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. నన్ను చూసి తలెత్తింది, మళ్లీ దించేసింది.

"ఏటే, దారి తప్పేవా?"

"లేదు వదినా, నీకోసమే వచ్చేను."

"ఎందుకొచ్చేవు? మేడం గారివి. మాలాటోళ్ల మాట నీకినిపించదు కదా."

"ఏ మాట వినలేదు?"

చిక్కుడుకాయ చేటలో పడేసింది. "నువ్వు రాసిన పెతీదీ సదివేను. తప్పున్న సోటల్లా సెప్పేను. ఒక్కదానికైనా జవాబు రాసేవా? ఏటి రాసిందిరా అని ఆ కొట్టోణ్ని అడిగితే, దన్యవాదాలు, నమస్కారాలు అని సదివేడు. నానేటి ముష్టికొచ్చేనా నీ బ్లాగు కాడికి?"

నాకేం అర్థం కాలేదు. "ఏం తప్పులు చెప్పేవు?"

"ఏటి తప్పులా? బెల్లం వంట సూడాలంటే ఎండెక్కేక తీరిగ్గా ఎల్లండి అని రాసేవు. మా కాడ మొదటి బెల్లం పెనం తెల్లారకుండా దించేత్తారు, ఈవిడ మాట ఇని వత్తే బూడిద సూసి ఎల్తారు అని సెప్పేను. నా తమ్ముడికి పనసకాయ కూరంటే పేణం అని రాసేవు. ఆడికి సిన్నప్పట్నుంచీ పడదు, నీకు బయపడి తిన్నాడు అని సెప్పేను."

"నాకు 'చాలా బాగుంది' అని వచ్చింది వదినా."

వదిన చేట పక్కన పెట్టింది. "ఎవుడికి బాగుంది?" అని లేచి చెప్పులేసుకుంది.

నెట్ సెంటరంటే రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, గోడ మీద లామినేషను ధరలు. నడిపేది ప్రకాశరావు. నలభై ఏళ్లుంటాయి, జుట్టు పల్చబడింది. నన్ను చూడగానే నిలబడి చేతులు కట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, మా బళ్లో చదివేడు, తొమ్మిదో తరగతిలో నేనే తెలుగు చెప్పేను.

"ఈవిడ చెప్పింది చెప్పినట్టు కొట్టేవా ప్రకాశరావూ?"

"భావం కొట్టేనండి."

"ఏం భావం?"

"గౌరవంగా ఉండాలి కదండి. 'దీనికేటి తెలుసు' అని కొట్టమంటారండి రూతమ్మగారు. మీ పేజీ మీద, నా చేత్తో, ఆ మాట ఎలా కొట్టనండి మేడమ్? వేళ్లు కదల్లేదండి."

"నాను గంట సేపు సెప్తే రెండు నిమసాల్లో అయిపోయిందంటే, సెయ్యి ఫాస్టనుకున్నానురా," అంది వదిన.

పాపం, అతన్ని అని ప్రయోజనం లేదు. పాత సైటులో వ్యాఖ్య రాయాలంటే ముందు మెయిలు ఉండాలి, అకౌంటు తెరవాలి, పాస్‌వర్డు గుర్తుంచుకోవాలి. వదినకి అవేవీ లేవు. అందుకని అతని అకౌంటులోంచి, అతని చేతుల మీదుగా వచ్చేవి. నా మీద గౌరవం కొద్దీ నా వదిననే నాకు లేకుండా చేసేడు. పైగా గోడ వైపు చూపించేడు. నా బెల్లం టపా ప్రింటు తీసి, లామినేషను చేయించి, ఊరికి కొత్తగా వచ్చేవాళ్లు చూసుకోడానికి అంటించేడట. నా పేరు పెద్దక్షరాల్లో ఉంది. నాకు లోపల ఎంత పొంగిందో చెప్పలేను.

"అదిగో, ఎండెక్కేక ఎల్లండి అని ఉంది సూడు. తప్పు గోడెక్కేసింది," అంది వదిన.

సరే, అక్కడే తేల్చుకుందామని రెండు కొత్త సైట్లూ ఆ కంప్యూటర్లోనే తెరవమన్నాను. పెళ్లికొడుకు ముందొచ్చేడు. ఫోటో పైనుంచి కిందకి ఒక్కో గీతా దిగుతుంటే ప్రకాశరావు టీ తెప్పించేడు, మేం తాగేం, గ్లాసులు తిరిగెళ్లిపోయేయి, అప్పటికి గడియారం మాత్రం పూర్తిగా వచ్చింది. తెలుగు అక్షరాలుండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు. వ్యాఖ్య రాయబోతే అకౌంటు తెరవమని అడిగింది. తెల్లకాయితం సైటు మాత్రం వదిన కళ్లజోడు తుడుచుకునేలోపు వచ్చేసింది. అక్షరం అక్షరంలా ఉంది. వ్యాఖ్య పెట్టె కింద పేరు రాస్తే చాలు, మెయిలు అడగలేదు.

"ఇలా కూర్చో వదినా," అన్నాను.

ఆవిడ ఎనిమిది చదివింది, ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మారే పేజీ ప్రకాశరావు తెరిచిపెట్టేడు. ఒక్క చూపుడువేలితో, విత్తనం నాటినట్టు ఒక్కో మీటా నొక్కింది. ప్రకాశరావు సాయం చెయ్యబోతే "నువ్వలా దూరంగా నిలబడు బాబూ" అంది. ఎండ వాకిట్లోంచి బల్ల మీదకొచ్చేసరికి నా కొత్త బ్లాగులో మొట్టమొదటి వ్యాఖ్య పడింది. యథాతథంగా ఇస్తున్నాను.

"నా తమ్ముడికి పనసకాయ పడదు. బయపడి తిన్నాడు. బెల్లం వంట సూడాలంటే సీకటుండగానే రండి. దీనికేటి తెలుసు. రూతమ్మ."

నేను పక్క కంప్యూటర్లో కూర్చుని వెంటనే జవాబు కొట్టేను. "పనసకాయ ఆయనే బజార్లోంచి మోసుకొచ్చి వండమనేవారు. భయపడేవాడు అంత బరువు మొయ్యడు." వదిన చదివింది, కళ్లజోడు సవరించుకుంది, మళ్లీ చూపుడువేలు ఎత్తింది.

"మేడమ్, పక్కపక్కనే ఉన్నారు కదండి. నోటితో అనుకోవచ్చు కదా," అన్నాడు ప్రకాశరావు.

"నోటితో అంటే రేపటికుండదు," అంది వదిన తెరమీంచి చూపు తిప్పకుండానే.

భోజనానికి ఇంటికెళ్లేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. చిక్కుడుకాయ కూర, చారు, గడ్డపెరుగు. చేతులు కడుక్కుంటుంటే అలమరలోంచి డబ్బా తీసి నా ముందు పెట్టింది. అరిసెలు. క్రిస్మస్‌కి చేసినవే, పంపకుండా దాచింది. అప్పటికి రాయిలా గట్టిపడ్డాయి. నా పళ్ల సంగతి తెలిసే అంతకాలం దాచి ఉంటుంది. ఒకటి టీలో ముంచుకుని మొత్తం తిన్నాను, ఆవిడ చూస్తుండగా. ఆఖరి బస్సు కోసం ఆగకుండా నాలుగింటికే బయల్దేరిపోండి, చోడవరంలో చీకటి పడితే అనకాపల్లి బస్సుకి తోపులాట ఎక్కువ.

ఇల్లు చేరి పెళ్లికొడుకు దగ్గర పెట్టిన టపాలన్నీ వెనక్కి తెచ్చుకుని తెల్లకాయితానికి చేర్చేను. పాత వ్యాఖ్యలు కూడా తెచ్చుకునే వీలుంది కానీ ఆ నమస్కారములన్నీ అక్కడే వదిలేసేను. బెల్లం టపాలో తప్పు చెరిపెయ్యలేదు, గీత కొట్టి పక్కన వదిన మాట పెట్టేను. ప్రకాశరావు గోడ మీద కూడా కొత్త ప్రింటు అంటించేడట. నాకు ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో పాఠకులున్నారు, సైటు అంకెలు చూపిస్తుంది, చూసి సంతోషిస్తాను. కానీ నేను ఎవరితోనైనా గొప్పగా చెప్పుకునేది ఒకటే. ఇంగ్లీషు మీటల మీద ఒక్క వేలితో గంట కూర్చుని, నన్ను కాదనడానికి నా పేజీకి వచ్చే మనిషి ఉంది నాకు. మా ఆయన గురించి మేం పోట్లాడుకుంటున్నంత కాలం ఆయన ఆ పనసకాయ మోసుకుంటూ వీధి మలుపు తిరుగుతూనే ఉంటారు. అందుకు చోటిచ్చిన సైటే నా సైటు. బ్లాగు పెట్టబోయేవాళ్లకి నా సలహా కూడా ఇదే. మీ ఇంట్లో మంచి కంప్యూటర్లో చూసి సైటు ఎంచుకోకండి, మీకు బాగా కావలసిన పాఠకుడు కూర్చునే కుర్చీలో కూర్చుని గిల్లి చూడండి.

ఇంజనీరుగారూ, ఇప్పుడు మీకో చిన్న పని. సాయంత్రం సబ్బవరం జంక్షను వైపు వెళ్తారు కదా, అక్కడ నెట్ సెంటర్లో ఆగండి. మంచి కంప్యూటరిస్తామంటారు, వద్దని మూలనున్న పాతదాంట్లో నా కొత్త చిరునామా తెరవండి. అక్షరాలు వస్తున్నాయా, డబ్బాలు వస్తున్నాయా చూడండి. తర్వాత అకౌంటు లేకుండా, మీ పేరుతో ఒక వ్యాఖ్య పెట్టి రండి. ఏదైనా రాయండి. "చాలా బాగుంది" అని మాత్రం రాయకండి.