మోగినా వినిపించని గడియారం

"ఆర్నెల్లు మగ్గం కాడ నిలబడు అల్లుడా, తర్వాత ఆఫీసుల రాతపని ఇప్పిస్త" అని మా మేనమామ నలభై ఏళ్ల కిందట నన్ను సూరత్ తీసుకొచ్చాడు. చదువుకున్నవాణ్ణి, అయినా నమ్మాను. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం పవర్‌లూమ్‌ల మోతలోనే గడిచిపోయింది.

రోజూ నడవాలనీ, గుండె వేగం హద్దు దాటితే వెంటనే ఆగాలనీ డాక్టర్ చెప్పాడు. అందుకే ఈ రోజు మనవరాలు శ్రావణితో కలిసి, గుండె వేగం చూపే గడియారం కొనడానికి పర్వత్ పాటియా బజారుకు వెళ్లాను. షాపతను ఒకటి నా చేతికి కట్టి, హద్దు దాటితే ఎలా మోగుతుందో చూపిస్తానన్నాడు.

"ఎప్పుడు మోగిస్తడట?" అని అడిగాను.

శ్రావణి నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా చెప్పింది. "ఇంతసేపు మోగింది గదా తాతా! దుకాణమంతా మనదిక్కే చూస్తుండ్రు. వైబ్రేషన్ గూడ ఉందట, జర చూడు."

మగ్గం అదురుకు మొద్దుబారిన చేతికి అదీ తెలియలేదు. షాపతను ఛాతీకి కట్టే బెల్టు చూపించాడు, అదీ ఫోన్లో మోగేదేనట!

ఉత్త చేతులతో తిరిగొచ్చాం. అది కట్టుకుని నడిస్తే, నా గుండె ఆపదలో ఉందని పార్కులో అందరికీ తెలుస్తుంది, నాకు తప్ప. నాలాంటివాడికి పనికొచ్చే యంత్రం ఉంటే చెప్పండి. నాకైతే ఆశ లేదు. నా చెవులను ఆ మోతకు అప్పజెప్పినవాడు మా మేనమామ గంగారాం.