నీళ్ళు యాడికి పోయినాయి

మొన్న ఉదయం నేను గుంతకల్లులో డ్యూటీకి బయలుదేరుతుంటే నాయన ఫోన్ చేశాడు. "పాపా, అయివారు పోయినాడు" అన్నాడు. తర్వాత, "రాత్రి మన గుట్ట మీద వాన పడినాది" అన్నాడు. ఈ రెండు మాటలకు సంబంధం ఏమిటో మీకు చెప్పాలి.

మా ఊరు గుట్ట మీద ఉంటుంది. బస్సు కిందే ఆగిపోతుంది. అయివారు, అంటే మా బడికి ఉన్న ఒకే ఒక్క పంతులు, కొత్తచెరువు నుంచి వచ్చి, ఎండకు గొడుగు వేసుకుని ఆ రాళ్ళదారి ఎక్కేవాడు. అన్ని తరగతులకూ ఒకటే గది. నల్లబల్ల పగిలిపోతే బడి వెనక బండ మీద బొగ్గుతో రాశాడు. ఎవరైనా "తెలీదు సార్" అంటే ఆయన ముఖం వెలిగిపోయేది. "తెలీదా? అయితే పా, చూద్దాం" అని లేచేవాడు. ఊహించి చెబితే ఒప్పుకునేవాడు కాదు. "చూడకుండా చెప్పేది జవాబు కాదప్పా" అనేవాడు.

ఇంటిపని మాకు కాదు, మా పెద్దవాళ్ళకు ఇచ్చేవాడు. శనక్కాయ పువ్వు పైన పూసి కాయ మట్టిలో ఎందుకు కాస్తుంది? ఇలాంటి ప్రశ్న ఒకటి ఇంటికి మోసుకుపోయి, మర్నాడు జవాబు తేవాలి. పెద్దవాళ్ళు పనులు మానుకుని మరీ వాదులాడుకునేవాళ్ళు.

బడి ముందు ఒక పాలపొడి డబ్బా పెట్టి మాచేత వానను కొలిపించేవాడు. పాపం, అది ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడాది పంట ఎండిపోయాక, తీరిగ్గా ఒక వాన పడింది. మర్నాటికి డబ్బాలో నీళ్ళు తగ్గాయి. మేక తాగిందన్నాం. అయివారు జల్లెడ మూత వేశాడు. అయినా తగ్గాయి. మేము డబ్బా చుట్టూ మూగి ఉండగా నాయన వచ్చాడు.

"సార్, పాపను ఇంక బడి మానిపిస్తాండా. మేకల ఎనకాల పోవల్ల."

నాకు ఏడుపొచ్చింది. అయివారు మాత్రం నింపాదిగా అన్నాడు: "తీసుకపో అన్నా. ఒక్క మాట చెప్పి పో. ఈ నీళ్ళు యాడికి పోయినాయి?"

నాయన డబ్బా ఎత్తి అడుగు తడిమాడు. కారడం లేదు. చాలాసేపు దాన్నే చూశాడు. "తెలీదు సార్" అన్నాడు.

"నాకూ చెప్పేకి రాలేదు. పాప రోజూ చూస్తాండాది. తీసుకపోతే ఎవరు చూస్తారు?"

నాయన మేకలను తోలుకుని ఒక్కడే వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం సంగటి ముందు కూర్చుని, "ఈ పొద్దు ఎంత తగ్గింది పాపా?" అని అడిగాడు. ఆ డబ్బా ఎండిపోయాక కూడా ఆయన నన్ను బడి మానమనలేదు.

హైస్కూల్లో నీటి ఆవిరి పాఠం విన్న రోజు అయివారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన నవ్వి, "మీ నాయనకు అప్పుడే చెప్పొద్దు. టెన్త్ అయిపోనీ" అన్నాడు. టెన్త్ అయింది, ఉద్యోగమూ వచ్చింది. ఎందుకో నేను చెప్పనే లేదు.

మొన్న ఫోన్ రాగానే కొత్తచెరువు వెళ్ళి, అయివారిని సాగనంపి మా ఊరికి వచ్చాక నాయన నన్ను బడి దగ్గరికి తీసుకెళ్ళాడు. పాత డబ్బా తుప్పుపట్టిపోతే తనే ఇంకొకటి పెట్టాడట. రాత్రి వాన అందులో ఉంది. ఇక దాచి ఏం లాభమని, "నాయనా, ఆ నీళ్ళు..." అని మొదలుపెట్టాను.

"తడిగుడ్డలు ఎట్ల ఆరతాయో నాకు తెలీదా పాపా?" అన్నాడు.

"మరి ఆ పొద్దు తెలీదన్నావే?"

"నువ్వు ఏడస్తాంటివి. ఆయప్ప నిన్ను బడిలో పెట్టుకునేకి ఏదో ఒకటి అడగల్ల కదా, అడిగినాడు. తెలుసు అంటే నిన్ను పిలుచుకపోవల్ల."

"నీకు తెలుసని ఆయనకు తెలుసా?"

"అది నేను అడగలేదు" అన్నాడు నాయన. తర్వాత డబ్బాలో వేలు ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో నాకు చూపించి, జల్లెడ మూత పెట్టాడు.