మాంటేజ్ మావయ్య

మాంటేజ్ మావయ్య చేతికి మాంటేజ్ చిక్కితే, అందులోకి ముసలివాళ్లను దింపకుండా వదిలేవాడు కాదు. మాటల్లేని చిన్న చిన్న షాట్లు వరసగా అతికించి, నిమిషంలో నెలలు గడిచాయనిపించడం ఆయన పని. ముప్పయ్యేళ్లుగా సినిమా స్క్రిప్టుల్లో అదొక్కటే రాశాడు. హీరో పరీక్షకు చదువుతుంటే ఒక తాత వచ్చి కిటికీ మూసేవాడు. హీరోయిన్ ఈత నేర్చుకుంటుంటే ఒక అవ్వ ఒడ్డున కూర్చుని తువ్వాలు మడతపెట్టేది. పసిపిల్లల బడి కథలో కూడా గేటు దగ్గర ముగ్గురు పెద్దమనుషులు తుమ్మారు.

ఆవేళ ఆయన మేనకోడలు గడియారం వంక చూస్తూ కూర్చుంది. ఆమె మొదటి స్క్రిప్టు నాలుగింటికల్లా దర్శకుడి చేతిలో ఉండాలి. "హీరోయిన్ కుట్టుపని నేర్చుకునే మాంటేజ్ ఆరు షాట్లే. ఏడోది కనిపించిందా, స్క్రిప్టు ఇంకొకరికిచ్చేస్తా" అని ఆయన ముందే చెప్పాడు. అప్పటికే రెండున్నర. మావయ్య రాసిచ్చినవి పంతొమ్మిది. షాటుకొక ముసలి మనిషి.

"మావయ్యా, సూదిలో దారం ఎక్కించే చోట ఈ తాతెందుకు?"

"దారం అమ్మేవాడు ఉండొద్దటే?"

"మరి తర్వాతి షాట్లో ఈ అవ్వ?"

"ఆయన కళ్లజోడు వెతికిపెడుతుంది."

"నా కొంప ముంచుతున్నావు!"

"పెద్దవాళ్లున్న కొంప మునగదులే" అంటూ ఆయన స్నానానికి వెళ్లాడు.

ఆమె పళ్లు బిగించి కంప్యూటర్లో ఒక్కొక్కటే కొట్టేయసాగింది. పదమూడోది పోబోతుండగా ఆయన ఫోను మోగింది.

"మావయ్య స్నానంలో ఉన్నారండీ. నేను మేనకోడల్ని" అంది.

"నువ్వా తల్లీ!" అవతల ఒక ముసలి నటి గొంతు. "ఈసారి నాకు గుండీలు ఏరే పనట కదా. మాటలేం లేవుగా? ఒకప్పుడు మూడు గంటల నాటకం ఏకబిగిన చెప్పినదాన్ని. ఇప్పుడు మూడు ముక్కలు గుర్తుండవు. మా ముసలి నటులందరిదీ అదే వరస. మీ మావయ్య మాంటేజే మాకు దిక్కు. పొద్దున్నే తల దువ్వుకుని కూర్చున్నా."

మేనకోడలి వేలు మీట మీదే ఆగిపోయింది. గడియారం మూడు దాటింది. ఆమె మళ్లీ మొదటినుంచి రాసింది. తెగిన దారం, సూది గుచ్చుకున్న వేలు, వంకర కుట్టు, విప్పిన కుట్టు, తిన్నని కుట్టు. ఆరో షాటు: కొత్త టైలరింగ్ కొట్టు ముందు గుడ్డల సంచులతో పంతొమ్మిది మంది.

నాలుగింటికి దర్శకుడు షాట్లను వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"ఆరే. బావుంది. అందరూ పెద్దవాళ్లేంటమ్మా?"

"కొత్త కొట్టు తెరిస్తే ముందొచ్చేది వాళ్లే సార్. తీరికెక్కువ."

ఆయన నవ్వి స్క్రిప్టు సంచిలో పెట్టుకున్నాడు.

ఇంట్లో మావయ్య ఆరో షాటు రెండుసార్లు చదివి మొహం ముడుచుకున్నాడు. "ఇంతమందినీ నిలబెడతావా? మోకాళ్ల నొప్పులే వాళ్లకి. బెంచీ వెయ్యి."

"వేస్తాలే మావయ్యా."

"పొడుగుది వెయ్యి" అన్నాడాయన, పెన్ను మూత తీస్తూ. "ఇంకో ఇద్దరు పడతారు."