రెండో బొమ్మ

ఆ కుస్తీ హాల్లో బొమ్మలు రెండు. మొదటిది తోలుది. గుడ్డపీలికలూ ఇసుకా కుక్కి, ఆడమనిషి బరువుకు సరిపోయేలా కుట్టిన మొండెం. తల ఉండదు. చేతులు మాత్రం ఎవరినో కావిలించుకోబోతున్నట్టు ముందుకు చాపి ఉంటాయి. కొత్తగా చేరిన పిల్లలు ముందు దాన్ని ఎత్తి నేలకేసి కొట్టడం నేర్చుకోవాలి, ఆ తర్వాతే మనిషి జోలికి వెళ్ళాలి. రెండో బొమ్మకు తల ఉంది, ఇరవై ఆరేళ్ళ వయసుంది, పడ్డప్పుడు "అమ్మా" అని అరుస్తుంది. అంతకు మించి పెద్ద తేడా లేదని హాల్లో వాళ్ళ అభిప్రాయం. మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత మొహం మీదే అన్నారు. కొన్నాళ్ళకు "రెండో బొమ్మా, ఇటు రా" అంటే ఆమె కూడా పలకడం మొదలుపెట్టింది.

ఆమె ఉద్యోగం పడడం. ఛాంపియన్ అనే పిల్ల ఆమె కంటే మూడేళ్ళు చిన్నది, ఇద్దరిదీ యాభై మూడు కిలోల తరగతే. ఆ పిల్ల పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఎవరినో ఒకరిని పడెయ్యాలి కదా, ఆ ఎవరో ఒకరు ఈమె.

పద్దెనిమిదేళ్ళప్పుడు హాలుకు వచ్చింది. అప్పుడు ఆమెకు సొంత పట్టు ఒకటుండేది. నేలకు జానెడెత్తులో దూకి, ఎడమ చేత్తో అవతలి మనిషి చీలమండ అందుకుని, భుజంతో తోసేసేది. ఊళ్ళో పోటీలన్నీ దాంతోనే గెలిచింది. కోచ్ ఆ పట్టును ఒక్కసారి చూసి తల పంకించాడు. ఆయన కంటికి ఇంకోటి పడింది. ఎవరి కుస్తీ వీడియో అయినా మూడుసార్లు చూపిస్తే చాలు, ఈ పిల్ల ఆ మనిషే అయిపోతుంది. నిలబడే తీరు, చెయ్యి విసిరే తీరు, ఆఖరికి ఊపిరి బిగబట్టే తీరుతో సహా.

"నువ్వు అద్దానివే పిల్లా!" అన్నాడు కోచ్.

మెచ్చుకున్నాడనుకుని ఆ పూట అన్నం సహించలేదామెకు, అంత సంతోషం. అద్దం ముందు నిలబడ్డవాళ్ళు చూసేది అద్దాన్ని కాదని పద్దెనిమిదేళ్ళకు ఎవరికి తెలుస్తుంది?

ఇక ఎనిమిదేళ్ళు అదే పని. ఒక నెల ఎడమచేతి వాటం మనిషి. ఇంకో నెల మెడ మీద బరువంతా వేసి లాగే మనిషి. ఏ దేశపు ఆడదాన్ని ఛాంపియన్ ఎదుర్కోవాలో ఆ ఆడది ముందుగా ఈమె ఒంట్లోకి రావాలి. విమానం ఎక్కక ముందే ఛాంపియన్ వాళ్ళందరినీ ఇక్కడే ఒకసారి ఓడించేది. అక్కడ పతకం మెడలో పడేది, ఇక్కడ ఈమె పక్కటెముకలకు కట్టు పడేది.

తూకం యంత్రం పక్కన గోడకు ఒక చార్టు ఉండేది. హాల్లోని ఆడపిల్లల నెలసరి తారీకులకు కోచ్ దాని మీద ఎర్రచుక్కలు పెట్టేవాడు. ఆ రోజుల్లో ఒంట్లో నీరు చేరి బరువు పెరుగుతుందని లెక్క. "ఇందులో సిగ్గేముంది, ఇది సైన్సు" అనేవాడు. పక్క హాలు మగవాళ్ళు నీళ్ళకని వచ్చి ఆ సైన్సు చదువుకునేవారు. "ఈ వారం ఎవరి దగ్గరికీ పోకండ్రోయ్, ఎర్రజెండాలే!" అని నవ్వేవారు. బొమ్మ వరసలో అయిదు నెలలుగా చుక్కే లేదు. తిండి మానీ మానీ ఒళ్ళు ఆ సంగతే మరిచిపోయింది. కోచ్ ఆ ఖాళీ గళ్ళు చూపించి, "చూడండి, ఈమెను చూసి నేర్చుకోండి. ఏ గొడవా లేదు!" అన్నాడు. బొమ్మ తలొంచుకుని నవ్వింది. మెప్పు మెప్పే కదా.

అసలు కథ ఛాంపియన్ మోకాలితో మొదలైంది. కిందటేడు కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. మళ్ళీ సాధన మొదలుపెట్టినప్పుడు కోచ్ ఒక ఏర్పాటు చేశాడు. పట్టులో ఉండగా ఛాంపియన్ ఎక్కడైనా సరే రెండుసార్లు తడితే బొమ్మ ఆ క్షణమే వదిలెయ్యాలి. ఒకరోజు వదలడం కొంచెం ఆలస్యమైంది. కొంచెం అంటే, కన్నార్పినంత. ఛాంపియన్ మోకాలు వాచింది.

కోచ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాటి నుంచి రోజూ పొద్దున, హాలుకు ఎవరూ రాకముందే, బొమ్మను తోలుబొమ్మ కాలు పట్టుకుని పడుకోమనేవాడు. తను స్టాప్‌వాచ్ పట్టుకుని వెనక తిరుగుతూ, ఎప్పుడో ఒకప్పుడు, వీపు మీదో మోచేతి మీదో రెండుసార్లు తట్టేవాడు. ఆమె చేతులు తెరుచుకోవాలి. రోజుకు రెండువందల సార్లు, మూడు నెలలు. ఆలస్యమైతే హాలు చుట్టూ మోకాళ్ళ మీద ఒక చుట్టు. మొదట్లో తట్టు తెలిశాక ఆలోచించి వదిలేది. తర్వాత్తర్వాత మధ్యలో ఆలోచన లేకుండా పోయింది.

సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు కూరగాయల దుకాణం ముందు తల్లి వెనక నుంచి భుజం మీద రెండుసార్లు తట్టింది, "పదవే" అని. బొమ్మ చేతిలో సంచి కింద పడింది. టమాటాలు రోడ్డు మీద దొర్లాయి.

"ఏమే, నీ చేతులు నీ మాట వినవా?" అంది తల్లి.

"వేళ్ళు తిమ్మిరెక్కాయమ్మా" అని ఏరుకుంది.

తల్లి ఆస్పత్రి బట్టల ఇస్త్రీ గదిలో పనిచేసేది. ఇరవై ఏళ్ళుగా ఆవిరి పీల్చి పీల్చి గొంతు గరగరలాడేది, మాట మాత్రం ఇస్త్రీపెట్టె లాగే ఎక్కడ తగిలితే అక్కడ కాలేది.

ఇంతలో కుస్తీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఛాంపియన్ ఎనిమిది నెలలుగా పోటీలో దిగలేదు కాబట్టి ఆమె కూడా సెలక్షన్ పోటీలో గెలిచే వెళ్ళాలి. ప్రపంచ పోటీలకు యాభై మూడు కిలోల్లో ఒక్కరికే చోటు. తరగతిలో మిగిలినవాళ్ళు చిన్నపిల్లలు. అంటే ఫైనల్లో ఎదురెదురుగా నిలబడేది ఎవరో అందరికీ తెలుసు. బొమ్మకు ఇంకోటి కూడా తెలుసు. వచ్చే ఏడు ఆమె స్థానంలోకి పద్దెనిమిదేళ్ళ పిల్లను తీసుకుంటున్నారు. ఇది పోతే మళ్ళీ లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరి వేషమూ కట్టకుండా తన కుస్తీ తను పట్టాలి.

తీరా చూస్తే తన కుస్తీ ఏదో ఆమెకు గుర్తు లేదు. మధ్యాహ్నాలు అందరూ తిని పడుకున్నప్పుడు ఖాళీ హాల్లో తోలుబొమ్మను నిలబెట్టి దూకేది. దూకితే ఎడమచేతి వాటం మనిషి దూకినట్టుండేది. మళ్ళీ దూకితే ఇంకెవరో. ఇంటి తాళం పారేసుకుని పక్కిళ్ళ తాళాలన్నీ జేబులో పెట్టుకున్నట్టయింది ఆమె బతుకు. పదకొండో రోజున చెయ్యి దానంతటదే జానెడెత్తులో వెళ్ళి చీలమండ అందుకుంది. ఆమె తోలుబొమ్మ మీద పడి అలాగే చాలాసేపు ఉండిపోయింది.

పోటీకి ముందురోజు తల్లి వచ్చింది.

"ఆ పిల్ల మోకాలు నీకు తెలుసు కదే. పట్టుకుని ఓ తిప్పు తిప్పెయ్."

"అలా చెయ్యకూడదమ్మా."

"ఎనిమిదేళ్ళు నిన్ను నేలకేసి ఉతికింది. అప్పుడు కూడదని ఎవడన్నా అన్నాడా?"

"అది సాధన."

"ఓహో! నీ నడుం విరిగితే సాధన, దాని కాలు మెలిపడితే పాపమా! ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు, ఇక్కడ ఎద్దే వెళ్ళి కాకిని పిలుచుకొస్తోంది."

బొమ్మ నవ్వింది గానీ, మోకాలు తిప్పనని లోపల ఒట్టు పెట్టుకుంది. గెలిస్తే శుభ్రంగా గెలవాలి. ఎనిమిదేళ్ళలో తనకంటూ మిగిలింది ఆ శుభ్రం ఒక్కటే.

పోటీ రోజు పొద్దున తూకం. రెండు రోజులుగా నీళ్ళు ముట్టలేదు. ఇద్దరు పిల్లలు దుప్పటి అడ్డం పట్టుకుంటే ఒంటి మీద నూలుపోగు లేకుండా యంత్రం ఎక్కింది. యాభై గ్రాములు ఎక్కువ. రెయిన్‌కోటు తొడుక్కుని మెట్లు ఎక్కి దిగితే ఒక్క చుక్క చెమట రాలేదు, రావడానికి ఒంట్లో ఏమన్నా ఉంటేగా. గడువు పది నిమిషాలుంది. తూకం వేసే నర్సు కత్తెర చూపించింది. జడ కత్తిరించుకుని మళ్ళీ ఎక్కింది. ముల్లు సరిపోయింది.

తల్లి చూసి, "జడ పోతే పోయింది, కుస్తీలో నలిగిపోయిన ఆ చెవులు బయటపడ్డాయి. కనీసం గెలువు, లేకపోతే ఈ మొహం ఎవరూ చూడరు" అంది. అని మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

ఫైనల్‌కు పిలిచారు. కోచ్ వెళ్ళి ఛాంపియన్ మూలలో కూర్చున్నాడు. బొమ్మ చూపు చూసి, "ఒక్క మనిషిని రెండు కుర్చీల్లో ఎలా కూర్చోనమ్మా?" అన్నాడు. ఆమె మూలలో కుర్చీ మీద ఆమె తువాలే కూర్చుంది.

మొదటి మూడు నిమిషాల్లో ఛాంపియన్ ఆమెను ఒకసారి పడేసింది, ఒకసారి అంచు దాటించింది. మూడు, సున్నా. పడడం అలవాటైన ఒళ్ళు, పడ్డానని కూడా అనుకోలేదు. రెండో సగంలో విజిల్ మోగిన పది సెకన్లకు బొమ్మ జానెడెత్తులో దూకింది. ఆ పట్టు ఛాంపియన్ ఎప్పుడూ చూడలేదు. ఎనిమిదేళ్ళు రోజూ నాలుగు గంటలు కలిసి పొర్లిన మనిషి దగ్గర ఇలాంటిదొకటి ఉందని ఆ పిల్లకు తెలియనే తెలియదు. రెండు పాయింట్లు. నిమిషం తర్వాత మళ్ళీ దూకింది. ఇంకో రెండు. నాలుగు, మూడు.

జనం లేచి నిలబడ్డారు. "బొమ్మకు ప్రాణమొచ్చిందిరోయ్!" అని ఎవడో అరిచాడు. తల్లి గొంతు గరగర అందరి మీదా వినిపించింది: "పట్టు! పట్టవే! వదిలావంటే చంపుతా!"

ఇరవై సెకన్లున్నాయి. ఛాంపియన్ బోర్లా ఉంది. కుడికాలు బొమ్మ రెండు చేతుల్లో ఉంది, ఆ మోకాలే. తిప్పితే అక్కడితో అయిపోయేది. ఆమె తిప్పలేదు. గట్టిగా పట్టుకుని ఉంటే చాలు, కాలమే గెలిపిస్తుంది. పదిహేను. పన్నెండు. ఛాంపియన్ ఒక చెయ్యి వెనక్కి చాపింది. బొమ్మ ముంజేతి మీద, మెల్లగా, పసిబిడ్డను జోకొట్టినట్టు, రెండుసార్లు తట్టింది.

చేతులు తెరుచుకున్నాయి.

అవి తెరుచుకున్నాయని బొమ్మకు తెలిసేసరికి ఛాంపియన్ జారి, తిరిగి, వెనకనుంచి నడుం పట్టుకుని ఆమెను మోకాళ్ళ మీద కూలేసింది. రెండు పాయింట్లు. విజిల్. అయిదు, నాలుగు.

"తట్టింది సార్! రెండుసార్లు తట్టింది!" అంది బొమ్మ రెఫరీతో, ముంజెయ్యి చూపిస్తూ.

"తడితే?"

"తడితే వదలాలి సార్."

"ఎవరు చెప్పారమ్మా? రూల్సులో తట్టడం లేదు, వదలడమూ లేదు." రెఫరీ మంచివాడే. నవ్వు ఆపుకోవడానికి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. వెనక కుర్చీల వాళ్ళు ఆపుకోలేదు.

బొమ్మ కోచ్ వైపు చూసింది. ఆ తట్టు సంగతి తెలిసిన మూడో మనిషి ఆయనొక్కడే. ఆయన వంగి ఛాంపియన్ మోకాలికి ఐసు పెడుతున్నాడు.

బట్టలు మార్చుకునే గదిలో ఛాంపియన్ ఆమె పక్కనే కూర్చుంది.

"నొప్పి పుట్టిందా?" అంది బొమ్మ. అవునంటే చాలు, దాంతో బతికేద్దామని ఉంది ఆమెకు.

"లేదక్కా. నువ్వు పట్టింది మెత్తగానే కదా." ఆ పిల్ల బూటు తాడు విప్పుకుంటూ చెప్పింది. "ఇంకేం తోచలేదు. వదుల్తావేమో చూద్దామనుకున్నా. వదిలావ్. నా స్థానంలో నువ్వుంటే చెయ్యవా?"

బొమ్మ ఆలోచించింది. చెయ్యదు. ఆ మాట చెబితే ఎంత వెర్రిబాగులదానిలా ఉంటుందో తెలిసి, తువాలు మడత పెట్టుకుంది.

బయట తల్లి బెంచీ మీద ఉంది. తిట్లన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నట్టే ఉంది గానీ, కూతురు రాగానే లేచి ఎదురొచ్చింది. దగ్గరకు తీసుకోబోయి చెయ్యెత్తి, వీపు మీద తట్టబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆ చెయ్యి గాల్లోనే ఆపేసి, పైట సర్దుకుంది.

సోమవారం సాధన మొదలు. ప్రపంచ పోటీలకు ఆరువారాలే ఉంది. అప్పటిదాకా ఉండమని కోచ్ బొమ్మకు చెప్పాడు, ఉండకపోతే ఎక్కడికీ పోలేదని ఆయనకు తెలుసు. బొమ్మ కూడా ఒకటి అనుకునే వచ్చింది. ఆదివారమంతా హాస్టలు మంచం మీద పడుకుని అదే అనుకుంది. ఇవాళ ఆ కాలు చేతికి వస్తుంది. వస్తే తిప్పుతుంది. అది తడుతుంది, పది సార్లు తట్టనీ. తను వెళ్ళకపోతే అదీ వెళ్ళదు. అమ్మ చెప్పిందే నిజం.

కాలు చేతికి వచ్చింది. కుడిదే. రెండు చేతులా బిగించింది, దవడ బిగించింది, తిప్పడానికి భుజం కూడా దించింది. ఛాంపియన్‌కు ఆ బిగువులోనే విషయం అర్థమైంది. ఆ పిల్ల మొహంలో మొదటిసారి భయం కనిపించింది. బొమ్మకు ఆ భయం తేనెలా ఉంది.

ఛాంపియన్ చాపను కొట్టబోయి, తడబడి, బొమ్మ మోచేతిని కొట్టింది. రెండుసార్లు.

చేతులు తెరుచుకున్నాయి.

బొమ్మ ఆ చేతుల్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. కోచ్ స్టాప్‌వాచ్ చూసుకుని తల ఊపాడు.

"బాగుంది. ముందుకంటే త్వరగా ఉంది. ఆ చేతుల్లో ఏముందని చూస్తావ్, లే. ఈసారి మనిషి కుడి భుజం దించి వస్తుంది, వీడియో చూశావుగా?"

"చూశాను సార్."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

లేచి, కుడి భుజం దించి, ఎక్కడో ఉన్న ఎవరో ఆడదానిలా ఊపిరి బిగబట్టి నిలబడింది.