మెయిలు నేర్చుకున్న జెండాలు

రెండు గుడ్డముక్కలతో, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది, మనిషి తన కొంప ఎంత చక్కగా ముంచుకోగలడో తెలుసుకోవాలని ఉందా? అయితే కాస్త సర్దుకుని కూర్చోండి. ఒక్క ఉదయంపూట నేను ఒక పాసింజరు బండిని, ఒక కుక్కను, కన్నతండ్రిని, నా ఉద్యోగాన్ని కలిపి బిలాస్‌పూర్ ప్లాట్‌ఫామ్ మీద కూలేశాను. ఇందులో కుక్క తప్పు ఆవగింజంత కూడా లేదని ముందే చెబుతున్నాను. దాన్ని ఏమీ అనకండి.

అప్పటికి నాకు మీసం వచ్చింది, బుద్ధి ఇంకా రాలేదు. గార్డు పని నేర్చుకుంటున్నాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇక్కడి యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. బండి ఏ పట్టామీదికి పోవాలో ఆ పట్టాను లివరు లాగి కలపడం ఆయన పని. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే.

"నా బతుకంతా ఎవుడో జెండా ఊపితే నాను లివరు లాగినాన్రా. ఒక్కపాలి నా కొడుకు ఊపుతుంటే కళ్ళారా సూసీయాల. ఆ మీద ఏటైనా పర్నేదు" అనేవాడు.

ఆ "ఏటైనా"లో ఏమేం ఇమిడి ఉందో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాన్న స్నేహితుడొకాయన పక్కనున్న మోప్కా ఊరి నుంచి ఒక కుక్కపిల్లను గోనెసంచిలో వేసి తెచ్చిచ్చాడు. వచ్చిన నాడు అది చెప్పులో పట్టేది. నాలుగు నెలలు తిరిగేసరికి చెప్పుతోపాటు చెప్పు వేసుకున్న మనిషిని కూడా ఈడ్చుకుపోయేది. దానికి మెల్లగా నడవడమనేది దేవుడు పెట్టలేదు. అందుకే మెయిలు బండి పేరే పెట్టి, మెయిలు అన్నాను. తాడు కట్టి బయటికి తీస్తే చాలు, నన్ను వెనక డబ్బాలా తగిలించుకుని మా క్వార్టర్ల వరస చివరిదాకా ఒకటే పరుగు. ఒకనాడు అమ్మ చాపమీద ఎండబెట్టిన ఒడియాల మధ్య నుంచి నన్ను పొట్టమీద లాక్కుపోయింది.

"ఓలమ్మో, నా ఒడియాలు!" అని అమ్మ గుండెలు బాదుకుంది. "కుక్కని నువ్వు తిప్పుతున్నావా, నిన్నది తిప్పుతున్నాదా?"

"దానికి పద్ధతి నేర్పుతానమ్మా" అన్నాను, చొక్కాకు అంటుకున్న ఒడియం ఒకటి నోట్లో వేసుకుంటూ.

ఇంకెవరైనా అయితే "ఆగు" అంటే ఆగడం, "రా" అంటే రావడం నేర్పేవారు. నేను రైల్వేవాణ్ణి కదా! మా ఇంట్లో పాలు పొంగుతున్నా "సిగ్నల్ పడింది" అనే రకం. కాబట్టి మెయిలుకు నేను రైలు రూల్సు నేర్పాను. ఈల వేస్తే ఎక్కడున్నా నావైపు తిరిగి జెండా చూడాలి. పచ్చదైతే పరుగు తీయాలి. ఎర్రదైతే ఉన్నచోటనే కూర్చోవాలి. మధ్యలో ఎవరేం అరిచినా ఆగకూడదు, ఎర్రజెండా కనబడితే తప్ప. కూర్చున్నప్పుడల్లా ఒక బెల్లంముక్క.

నమ్మండి, నెల తిరక్కుండానే నేర్చుకుంది. గార్డు పరీక్షకు నేను కంఠతా పట్టలేక చచ్చిన రూల్సు అది బెల్లంముక్కకే పట్టేసింది. మైదానంలో పచ్చ ఊపితే తారాజువ్వ, ఎర్ర చూపితే రాయి. నాన్న ఒక సాయంత్రం వచ్చి చూసి ముక్కుమీద వేలేసుకున్నాడు.

"ఓర్నీ! యార్డులో కొందరు మనుసులకన్నా ఇదే నయంరా. కానీ ఒరే, నోటిమాట కూడా ఒకటి నేర్పీ. అన్నివేళలా జెండా పట్టుకు తిరుగుతావేటి?"

"గార్డు చేతిలో జెండా లేని వేళ ఉండదు నాన్నా" అన్నాను గొప్పగా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఆ రోజు రానే వచ్చింది. రాయపూర్ వైపు వెళ్ళే ఉదయం పాసింజరుకు నేను మొదటిసారి సొంతంగా గార్డును. పక్కన ఇన్‌స్పెక్టర్ దొర కూర్చుని నా పని చూస్తాడు. ఆయన సరే అంటే గార్డును, కాదంటే మళ్ళీ యార్డులో ఎదురుచూపులు. దొర కొత్తగా వచ్చినవాడు, తెల్ల ప్యాంటు, చేతిలో టీ కప్పు. గార్డు డబ్బాలో నా పక్కనే కూర్చున్నాడు.

ప్లాట్‌ఫామ్ మీద చూద్దును కదా, నాన్న! ఉతికిన పంచె, నల్లకోటు, తలపాగా. పక్కన అమ్మ. నాన్న ముంజేతికి రెండు చుట్లు చుట్టిన తాడు. తాడు చివర మెయిలు, మెడలో చామంతి దండతో.

"దీన్నెందుకు తెచ్చావు నాన్నా?" అన్నాను.

"ఇంటికాడ ఒగ్గేత్తే ఊరుకుంటాదా? నువ్వు పెంచిన కుక్క, అదీ సూడాల నీ జెండా."

"గట్టిగా పట్టుకో!"

"లివర్లు లాగిన సేతుల్రా ఇవి" అని నాన్న నవ్వాడు. ఆయన కళ్ళు అప్పటికే చెమర్చి ఉన్నాయి. అంత సంతోషంగా ఆయన్ను నేను ఎన్నడూ చూడలేదు. ఆ ముఖం చూసి "ముందు కుక్కను పంపించేయ్" అనలేకపోయాను.

"అచ్ఛా, టైమైంది" అన్నాడు దొర. ఆయనతో మాటలన్నీ హిందీలోనే, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

ఈల వేశాను. ప్లాట్‌ఫామ్ మీద ఇంత జనంలో నావైపు ఠక్కున తల తిప్పినవాళ్ళు ఇద్దరే. ఒకరు నాన్న. రెండోది మీకు తెలుసు. పచ్చజెండా ఊపాను. బండి కదిలింది. నాన్న కూడా కదిలాడు.

కదలడమంటే అలా ఇలా కాదు. తలపాగా ఒకవైపు, చెప్పులొకవైపు, ఆయన ఇంజనువైపు దూసుకుపోతున్నాడు. "ఓలమ్మో, పట్టుకోండి!" అని వెనక అమ్మ. లివర్లు లాగిన ఆ చేతులు ఇప్పుడు లాగించుకుంటున్నాయి. తాడు వదులుదామంటే రెండు చుట్లు! మెయిలు ఎవరి కేకలూ వినడం లేదు. వినకూడదని నేర్పింది నేనే కదా.

"ఒరే! ఎర్రది సూపరా! ఎర్రది!" అని నాన్న అరుపు.

ఎర్రది చూపితే కుక్క ఆగుతుంది. బండి కూడా ఆగుతుంది. చూపకపోతే ప్లాట్‌ఫామ్ అయిపోతుంది, ఆ తరవాత పల్లం, సిగ్నల్ తీగలు. ఆలోచించడానికి వ్యవధి ఎక్కడ? ఈల వేసి ఎర్రజెండా చాచాను. మెయిలు వెనక్కి చూసి, ఉన్నచోట చతికిలబడింది. నాన్నకు బెల్లం అలవాటు లేదు కాబట్టి ఆయన ఆగలేదు. కుక్క మీదుగా వెళ్ళి, అక్కడ అమ్మకానికి పెట్టిన జామకాయల గంపలో కూర్చున్నాడు. మా వైపే చూస్తున్న డ్రైవరు బ్రేకు వేశాడు. దొర టీ దొర ప్యాంటుమీద పడింది.

"ఎందుకు ఆపావు?" అన్నాడు దొర, పొగలు కక్కుతూ. నిజంగానే పొగలు, టీ వేడిది.

"సార్, ఎవరో పెద్దాయన్ని కుక్క లాక్కుపోతోందండీ."

"ఎవరతను?"

ఇక్కడే నా నాలుక నన్ను ముంచింది. "తెలీదండీ" అన్నాను.

"కుక్క?"

"ఊరకుక్క అయ్యుంటుందండీ."

ఊరకుక్కకు మెడలో చామంతి దండ ఎవరు వేస్తారని దొర అడగలేదు. నాన్నవైపు చూశాడు. గంపలోంచి నాన్న నన్నొకసారి, దొరనొకసారి చూశాడు. ఆయనకు అర్థమైంది. "అవును బాబూ, నాను ఈ గుంటణ్ణి ఎప్పుడూ సూడనేదు" అన్నాడు. ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోవలసింది. చావలేదు. ఊపిరి పీల్చుకున్నాను.

"అచ్ఛా. అయితే బండి బయలుదేరదీయి."

బయలుదేరదీయాలంటే ఏం చేయాలో మీకు గుర్తుంది కదూ?

"సార్, ఒక్క నిమిషం, ఆ పెద్దాయన తాడు విప్పుకుని..."

"నీకేం సంబంధం? పచ్చజెండా!"

ఈల వేశాను. ప్లాట్‌ఫామంతా చూస్తుండగా ఆ ఊరకుక్క లేచి, నావైపు తిరిగి, శ్రద్ధగా నా చేతివైపు చూసింది. జెండాను వీలైనంత చిన్నగా, నడుము దగ్గరే ఊపాను. ఎంత చిన్నగా ఊపినా పచ్చ పచ్చే. బండి కదిలింది. కుక్క కదిలింది. గంపలోంచి అప్పుడే లేస్తున్న నాన్న, ఒక జామకాయ చేతపట్టుకుని, మళ్ళీ బయలుదేరాడు.

"ఒరే నాయనా! మళ్ళీ ఏటిరా!"

మళ్ళీ ఎర్ర. మళ్ళీ కుక్క ఆగింది, బండి ఆగింది. ఈసారి డ్రైవరే ఇంజను దిగి చేతులు తిప్పుకుంటూ వచ్చాడు. "అరే గార్డ్ బాబూ, జానా హై కి నహీ?" అన్నాడు, పోయేదుందా లేదా అని.

దొర నా చేతిలోంచి రెండు జెండాలూ తీసుకుని ప్లాట్‌ఫామ్ మీదికి దిగాడు. ముందు తాడు విప్పించి నాన్నను బల్లమీద కూర్చోబెట్టాడు. తరవాత తానే ఈల వేసి పచ్చ చూపాడు. మెయిలు దూసుకుపోయింది. మళ్ళీ ఈల వేసి ఎర్ర చూపాడు. కూర్చుంది, నాలుక బయటపెట్టి, బెల్లం కోసం నావైపు చూస్తూ.

"దీనికి రూల్సు బాగా వచ్చు" అన్నాడు దొర. "నువ్వు బండి ఆపినందుకు నిన్నేమీ అనను. మనిషి ప్రమాదంలో ఉంటే ఆపాల్సిందే. కానీ కన్నతండ్రినే చూసి తెలీదన్నవాడు, రేపు పట్టా విరిగితే చూశానంటాడా?"

నాన్న సంగతి ఆయనకు ఎలా తెలిసిందంటారా? అమ్మ వెనకనుంచి, "నా కొడుకు మొదటి బండి, నా పెనిమిటి మోకాళ్ళు" అని వచ్చీరాని హిందీలో అప్పటికే శోకాలు పెడుతోంది.

బండి ఇంకో గార్డుతో పోయింది. నేను మళ్ళీ యార్డుకు. ఇంటికొచ్చి నాన్న మోకాళ్ళకు పసుపు రాస్తూ తలెత్తలేకపోయాను.

"నాన్నా, తప్పయిపోయింది. నువ్వెవరో తెలీదన్నాను."

"నన్నెరగనన్నావు, సర్లే. ఉద్యోగం కోసం అన్నావు. నానూ అన్నాను" అని నాన్న మెయిలు తల నిమిరాడు. "దీన్ని కూడా ఎరగనన్నావేటిరా? అంతమందిలో నువ్వు నిజం గార్డువని నమ్మీసినాది ఇదొక్కటే కదా!"

తరవాత ఎన్నాళ్ళకో నేను గార్డునయ్యాను. ఆ ఉదయం నాన్న మెయిలును ఇంట్లో గడియవేసి, తాను ప్లాట్‌ఫామ్ మీద ఒక స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని నిలబడి చూశాడు. ఆయన కోరిక తీరింది.

కాబట్టి చదువరులారా, ఈల మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ కుక్కకూ, పిల్లికీ, చివరికి కన్నబిడ్డలకైనా సరే, జెండాతో చదువు చెప్పను. ఆ పెద్దాయన ఎవరని ఎవరడిగినా, ఆయన జామకాయల గంపలో ఉన్నా సరే, మా నాన్నేనని చెబుతాను.